గాలిలో కలుస్తున్న మేత

ఎండాకాలం మధ్యాహ్నంపూట కోళ్ల షెడ్డులో అడుగుపెడితే ముక్కు కంటే ముందు కళ్లకు తెలుస్తుంది. కేజ్‌ల కింద పేరుకున్న రెట్ట కాస్త తడిసి ఉంటే కళ్లు మండి నీళ్లు కారతాయి. ఆ మంట అమ్మోనియాది. అమ్మోనియాలో ఉన్నది నత్రజని. అదే నత్రజని రెండు రోజుల క్రితం సోయా చెక్కలో మాంసకృత్తిగా ఉంది. రైతు దాన్ని డబ్బు పోసి కొన్నాడు, కోడి తిన్నది, కొంత గుడ్డులో చేరింది, మిగతాది ఇలా గాలిలో కలిసిపోతోంది.

ఎంత పోతోందో ఒకసారి లెక్క వేద్దాం. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. దాణాలో మాంసకృత్తులు 17 శాతం దాకా ఉంటాయి కాబట్టి కడుపులోకి వెళ్లేది దాదాపు 19 గ్రాములు. గుడ్డులో తిరిగి వచ్చేది ఆరేడు గ్రాములు. దాదాపు మూడింట రెండొంతులు రెట్టలోకి పోతుంది. రెట్టను దగ్గరగా చూస్తే ముదురు రంగు ముద్దపైన తెల్లటి పూత కనిపిస్తుంది. అదే యూరిక్ ఆమ్లం. ఆవు, గేదె తమకు అక్కరలేని నత్రజనిని మూత్రంలో యూరియాగా వదిలేస్తాయి. పక్షులు దాన్నే నీళ్లు వృథా చేయకుండా తెల్లని ముద్దగా వదిలేస్తాయి. పదివేల కోళ్లున్న షెడ్డులో ఇలా రోజుకు పడే నత్రజని 18, 19 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని దీనికంటే కొంచెమే ఎక్కువ. అంటే ఒక మోస్తరు షెడ్డు రోజూ ఒక యూరియా బస్తాను నేలమీద పోస్తోందన్నమాట. ఎరువుగా పొలానికి చేరేలోపే అందులో చాలా భాగం ఆవిరైపోతుంది.

ఈ నత్రజనిని పట్టుకుని మళ్లీ మాంసకృత్తిగా మార్చి కోడి ముందు పెట్టగలమా అన్నదే ఈ అధ్యాయం విషయం. మార్చగల జీవి ఒకటుంది. తెల్లవారుజామున దించిన కల్లు మధ్యాహ్నానికి పొంగి పులిసిపోవడానికి కారణమైన ఈస్టు. కల్లులో ఉండే ఈస్టుకు చుట్టమే కాండిడా యుటిలిస్. మేత పరిశ్రమలో దీన్ని టోరులా ఈస్టు అంటారు. దీనికి మాంసకృత్తులు పెట్టనక్కరలేదు. చక్కెర, గాలి, కొంచెం భాస్వరం, పొటాష్, ఏదో ఒక రూపంలో నత్రజని ఇస్తే చాలు, ఆ నత్రజనితో అమైనో ఆమ్లాలన్నీ తనే తయారుచేసుకుంటుంది. అన్నీ కుదిరితే రెండు మూడు గంటలకోసారి రెట్టింపవుతుంది. ఎండబెట్టిన ఈస్టు బరువులో ముడి మాంసకృత్తులు సగం దాకా ఉంటాయి. మన విషయానికి ఇంకో విశేషం కూడా ఉంది: కాండిడా యుటిలిస్ యూరిక్ ఆమ్లాన్ని నేరుగా తినగలదు. దాన్ని విడగొట్టే యూరికేజ్ అనే ఎంజైమును ప్రయోగశాలలకు అమ్మే కంపెనీలు ఈ ఈస్టు నుంచి కూడా తీస్తుంటాయి. కోడి పనికిరాదని వదిలేసింది దీనికి ఆహారమన్నమాట.

ఈస్టును మేతగా పెంచడం కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి బయటి నుంచి పశువుల దాణా రావడం ఆగిపోయినప్పుడు బెర్లిన్‌లోని కిణ్వన పరిశోధన సంస్థలో మాక్స్ డెల్‌బ్రుక్ నాయకత్వంలో మొలాసిస్, అమ్మోనియం లవణాలు కలిపి ఈస్టు పెంచారు. (1969లో నోబెల్ బహుమతి అందుకున్న మాక్స్ డెల్‌బ్రుక్ వేరు.) రెండో యుద్ధం నాటికి కాగితపు మిల్లుల నుంచి వచ్చే వ్యర్థ ద్రవం మీద, కలప నుంచి తీసిన చక్కెర మీద టోరులా ఈస్టును టన్నులకొద్దీ తయారుచేశారు. 1960ల్లో బ్రిటిష్ పెట్రోలియం కంపెనీ కోసం ఫ్రాన్స్‌లోని లావేరాలో అల్ఫ్రెడ్ షాంపన్యా బృందం పెట్రోలియం మైనం మీద ఈస్టు పెంచి చూపించింది. అంటే ఈస్టు ఎదుగుతుందా లేదా అనే ప్రశ్నకు జవాబు వందేళ్ల క్రితమే దొరికింది. మనకు మిగిలిన ప్రశ్న వేరు. పశువుల వ్యర్థాల మీద, పల్నాడు లాంటి చోట, దీన్ని ఎలా చేయాలి, ఎవరి కోసం చేయాలి?

మొదటి చిక్కు చక్కెర దగ్గరే వస్తుంది. వ్యర్థంలో నత్రజని ఉంది, చక్కెర లేదు. ఉన్న చక్కెరను, పిండిపదార్థాన్ని పశువు కడుపే తినేసింది. గేదె పేడను నీళ్లలో కలిపి వడకడితే జల్లెడ మీద మిగిలేది చొప్ప నార. నాలుగు పొట్టల్లో నానబెట్టి, నమిలి, మళ్లీ నమిలి, సూక్ష్మజీవుల చేత రెండు మూడు రోజులు కుళ్లబెట్టించినా లొంగని నార అది. సెల్యులోజ్‌ను లిగ్నిన్ అనే జిగురు చుట్టేసి ఉంటుంది. ఈస్టుకు సెల్యులోజ్‌ను కొరికే పళ్లే లేవు. 1970ల మొదట్లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో కాసా గ్రాండే దగ్గర పశువుల పెంట మీద మాంసకృత్తులు తయారుచేయడానికి పైలట్ ప్లాంటు పెట్టింది. వాళ్లు వాడింది ఈస్టు కాదు, వేడిని తట్టుకుంటూ నారను కూడా కరిగించగల ఆక్టినోమైసీట్ రకం సూక్ష్మజీవి. పేడలోని నారకు ఈస్టు సరిపోదు మరి. పేడను ఆమ్లంతో ఉడికించి, ఎంజైములు వేసి చక్కెర తీయవచ్చు. కానీ అంత కష్టపడేదేదో పేడ కాని చొప్ప మీదే పడితే ఎక్కువ చక్కెర వస్తుంది.

పేడ విషయంలో నా అభిప్రాయం దాచుకోను. పల్నాడులో పేడ వ్యర్థం కాదు. మాచర్ల, గురజాల, వినుకొండ వైపు నల్లరేగడి పొలాల్లో పత్తి, మిరప వేసే రైతుకు పెంటకుప్ప విలువ తెలుసు. పంట కోసిన చేలో గొర్రెల మంద పెట్టించుకోవడానికి కాపరులకు డబ్బో, ధాన్యమో ఇచ్చేవాళ్లున్నారు. రాత్రి మంద పడుకున్న చోట తెల్లారేసరికి పెంటికలు, మూత్రం నేలలోనే ఉంటాయి. మోసే ఖర్చు లేదు, మూత్రంలోని యూరియా వృథా కాదు. మాచర్ల గొర్రె అని ఈ ప్రాంతం పేరుతోనే గుర్తింపు పొందిన జాతి ఉంది. తెల్లటి ఒంటిమీద నల్ల, గోధుమరంగు మచ్చలతో బాగా ఎత్తుగా ఎదిగే గొర్రె. ఆ మందలు పొలాలకు చేస్తున్న మేలును తప్పించి పెంటికలను ట్యాంకులో పోయమనడం తెలివైన పని కాదు. ఏటా పత్తి పండించి అలసిపోయిన నేలకు సేంద్రియ పదార్థం చేరాలి. ఈస్టు చేతికి ఇవ్వాల్సింది నేలకు చేరకుండా పోతున్న నత్రజనినే: కోళ్ల రెట్టలోంచి లేచిపోయేది, పెద్ద డెయిరీల కాంక్రీటు నేల మీద నుంచి కాలవలోకి కారిపోయేది.

ఇక చక్కెర ఎక్కడి నుంచి తేవాలి? మొలాసిస్ అయితే సులువు, అందులో సగం చక్కెరే. కానీ దానికోసం ఇథనాల్ ఫ్యాక్టరీలు ముందే క్యూ కడుతున్నాయి. పల్నాడు చేతిలో ఉన్నది పత్తి కట్టె, మిరప కట్టె. ఏరుడు అయిపోయాక పొయ్యి కిందకు పోయినంత పోయి, మిగిలింది చేలోనే తగలబడుతుంది. పత్తి కట్టె బరువులో సగానికి పైగా సెల్యులోజ్, హెమిసెల్యులోజ్‌లే. హెమిసెల్యులోజ్‌ను విడగొట్టడం కాస్త తేలిక. కట్టెను పొడిచేసి, నూటికి ఒక పాలు గంధకామ్లం కలిపిన నీళ్లలో ఆవిరి ఒత్తిడి మీద ఉడికిస్తే ప్రధానంగా జైలోజ్ అనే చక్కెర వస్తుంది. రొట్టెల ఈస్టు జైలోజ్‌ను ముట్టదు, టోరులా ఈస్టు తింటుంది. ఉడికిన ద్రవంలో ఆమ్లం ఎక్కువగా ఉంటుంది కాబట్టి దాన్ని తగ్గించడానికి సున్నం వేయాలి. గంధకామ్లంతో సున్నం కలిస్తే జిప్సమ్ అయి అడుగున పేరుకుంటుంది, పైన చక్కెర నీళ్లు తేటగా మిగులుతాయి. ఆ సున్నం కోసం దూరం పోనక్కరలేదు, పిడుగురాళ్ల బట్టీలు ఈ జిల్లాలోనే ఉన్నాయి. అడుగున పడ్డ జిప్సమ్ చవుడు నేలలకు పనికొస్తుంది.

కట్టెను ఉడికించేటప్పుడు ఫర్‌ఫ్యూరల్, అసిటిక్ ఆమ్లం కూడా పుడతాయి. మంట కాస్త ఎక్కువైతే ఫర్‌ఫ్యూరల్ పెరిగి ఈస్టు ఎదుగుదలను ఆపేస్తుంది. వేడిని, సమయాన్ని అదుపులో పెట్టుకోవడమే ఇక్కడ పనితనం.

పదివేల కోళ్ల షెడ్డుకు మళ్లీ వద్దాం. రోజువారీ 18 కిలోల నత్రజనిలో సగం, అంటే 9 కిలోలు, పట్టుకోగలిగామనుకుందాం. ఎండిన ఈస్టులో నత్రజని 8 శాతం ఉంటుంది. కాబట్టి 110 కిలోల పైచిలుకు ఈస్టు వస్తుంది, అందులో మాంసకృత్తులు 55 కిలోలు. ఆ షెడ్డు రోజుకు తినే మాంసకృత్తులు 190 కిలోల లోపు. అంటే పావు వంతుకు పైగా తిరిగి వస్తోంది. అయితే కిలో ఈస్టుకు రెండు కిలోల చక్కెర కావాలి, మొత్తం 225 కిలోలు. అంత జైలోజ్‌కు రోజుకు దాదాపు ఒకటిన్నర టన్నుల పత్తి కట్టె పడుతుంది. ఎకరాకు సుమారు టన్ను కట్టె వస్తుందనుకుంటే ఏడాదికి 550 ఎకరాల పత్తి కట్టె ఒక్క షెడ్డుకే కావాలి. ఈ అంకెను చూసి నిరుత్సాహపడాల్సిన పని లేదు, పత్తి పండే జిల్లాకు అది పెద్ద విస్తీర్ణం కాదు. కానీ వ్యర్థం నుంచి మేత ఊరికే పుట్టుకొస్తుందని చెప్పేవాళ్ల ముందు ఈ అంకె పెట్టి తీరాలి. ఎన్ని రెట్టలు పోసినా చక్కెర లేనిదే ఈస్టు ఒక్క గ్రాము పెరగదు.

రెండో చిక్కు వేడి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే పల్నాడులో అసలు కష్టం ఇదే.

ఈస్టు చక్కెరను తిని ఒళ్లు పెంచుకునేటప్పుడు గాలిలోని ఆమ్లజనితో కొంత చక్కెరను మండించుకుంటుంది. ఆమ్లజని చాలకపోతే కల్లులో జరిగినట్టు సారాయి తయారవుతుంది, ఒళ్లు పెరగదు. అందుకే ట్యాంకు అడుగు నుంచి రాత్రింబవళ్లు గాలి కొట్టాలి. గాలి కొట్టేకొద్దీ వేడి పుడుతుంది. కిలో ఈస్టు పెరిగేసరికి పుట్టే వేడి సుమారు 3,000 కిలో కేలరీలు. వంద లీటర్ల నీళ్లను 30 డిగ్రీలు పైకి లేపే వేడి అది. మన 110 కిలోల ఈస్టు ట్యాంకు నుంచి ఆ వేడిని తోడెయ్యాలంటే ఒకటిన్నర టన్నుల ఏసీలు మూడు ఆపకుండా నడిచినంత చల్లదనం కావాలి. టోరులా ఈస్టుకు 30, 32 డిగ్రీలు ఇష్టం. జర్మనీలో కాలవ నీళ్లు గొట్టంలో తిప్పితే పని అయిపోయేది. మరి రెంటచింతలలో? రాష్ట్రంలో ఎండ ఎంత కొట్టిందో చెప్పే వార్తల్లో ముందు వినపడే పేరు అదే. మే నెలలో అక్కడ పాదరసం 45 దాటడం ఊరివాళ్లకు వింత కాదు. ట్యాంకు కంటే బయటి గాలే వేడిగా ఉన్నప్పుడు వేడిని ఎక్కడికి పంపాలి?

దీనికి మంచి దారి ఈస్టునే మార్చడం. క్లూవెరోమైసిస్ మార్క్సియానస్ అనే ఈస్టు పాల పదార్థాల్లో సహజంగా దొరుకుతుంది. ఫ్రాన్స్‌లో జున్ను పరిశ్రమ తన విరుగుడు నీళ్ల మీద దీని జాతి ఈస్టులనే దశాబ్దాలుగా పెంచుతోంది. ఇది 42, 45 డిగ్రీల దగ్గర కూడా హాయిగా ఎదుగుతుంది, జైలోజ్‌నూ తింటుంది. ట్యాంకును 42 దగ్గర ఉంచగలిగితే సమస్య స్వరూపమే మారిపోతుంది. పల్నాడు ఎండ తడి ఎండ కాదు, పొడి ఎండ. పొడి గాలిలో నీరు తొందరగా ఆవిరవుతుంది, ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఇలాగే. లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు 580 కిలో కేలరీల దాకా తీసుకుపోతుంది. మన ట్యాంకు రోజంతా విడుదల చేసే వేడిని తోలేయడానికి 600 లీటర్ల లోపు నీరు ఆవిరైతే చాలు. అంటే చల్లబరిచే యంత్రాలు అక్కరలేదు, నీళ్లు కిందకు జారే చిన్న కూలింగ్ టవరు సరిపోతుంది. సముద్రం పక్కన, గాలిలో తేమ ఎక్కువున్న బాపట్లలో అదే టవరు ఇంత బాగా పనిచేయదు. అందరూ శాపమనుకునే ఎండ ఈ ఒక్క పనిలో రెంటచింతలకు కలిసొస్తుంది.

ద్రవాన్ని కాస్త పుల్లగా, పీహెచ్ నాలుగున్నర దగ్గర ఉంచాలి. పులుపులో అమ్మోనియా ఆవిరి కాకుండా అమ్మోనియం లవణంగా నీళ్లలోనే ఉండిపోతుంది, ఈస్టుకు అందుతుంది. రోగాలు తెచ్చే బాక్టీరియాలో చాలావాటికి ఆ పులుపు పడదు. రెట్ట ఇప్పటికే కుళ్లి యూరిక్ ఆమ్లం అమ్మోనియాగా మారిపోయి ఉన్నా ఇబ్బంది లేదు, పులుపు నీళ్లలో పట్టుకుంటే ఏ ఈస్టయినా దాన్ని తీసుకుంటుంది.

ఇంత కష్టపడి తీసిన ఈస్టును ఎవరికి పెట్టాలి? ఇంట్లో గేదెకే ముందు పెట్టాలనిపించడం సహజం. కానీ గేదెకు దీని అవసరం అంతగా లేదు. దాని మొదటి పొట్టే ఒక పెద్ద కిణ్వన ట్యాంకు. అందులోని సూక్ష్మజీవులు యూరియా నుంచి మాంసకృత్తులు తయారుచేసి గేదెకు అప్పగిస్తాయి. ఫిన్‌లాండ్ శాస్త్రవేత్త ఆర్తురి విర్టానెన్, 1945లో రసాయనశాస్త్ర నోబెల్ గ్రహీత, 1960ల్లో ఆవులకు మాంసకృత్తులే లేని మేత పెట్టి, నత్రజని కోసం యూరియా, అమ్మోనియం లవణాలు మాత్రమే ఇచ్చి పాలు పిండి చూపించాడు. మన పశువైద్యులు చెప్పే యూరియా గడ్డి వెనకున్న సూత్రం కూడా ఇదే. వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు మాగబెట్టి వేస్తారు. దానికి తోడు పల్నాడు గేదెకు పత్తి చెక్క ఉంది. అందులోని గాసిపాల్ అనే విషాన్ని ఎదిగిన గేదె కడుపు చాలావరకు తట్టుకుంటుంది. కోడికి అది పడదు, ఎక్కువైతే గుడ్డు సొన రంగు కూడా మారిపోతుంది.

కాబట్టి ఈస్టు తినాల్సింది ఒంటిపొట్ట జీవులు: కోళ్లు, చేపలు, రొయ్యలు. కోడి దాణాలో ఎక్కువ భాగం మొక్కజొన్న. మొక్కజొన్నలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, ఈస్టులో అది పుష్కలం. ఈస్టులో మెథియోనిన్ తక్కువ, దాన్ని ఎలాగూ దాణా మిల్లులు పొడిరూపంలో విడిగా కలుపుతూనే ఉన్నాయి. ఈస్టు నత్రజనిలో కొంత కేంద్రకామ్లాలది, దాన్ని కోడి మాంసకృత్తిగా వాడుకోలేదు, మళ్లీ యూరిక్ ఆమ్లంగా వదిలేస్తుంది. అందుకే దాణాలో 5 నుంచి 10 శాతం మించకుండా కలపడం మేలు. మన కోళ్ల రైతులు తెలియకుండానే ఈస్టు తినిపిస్తున్నారు కూడా. బియ్యం నూకలతో ఇథనాల్ తీసే ఫ్యాక్టరీల నుంచి దాణా మిల్లులకు వచ్చే డీడీజీఎస్ అనే పిప్పిలో చచ్చిన ఈస్టు కణాలు బోలెడు ఉంటాయి.

ఇక్కడే భయాల సంగతి మాట్లాడాలి. రెట్ట నుంచి వచ్చినదాన్ని మళ్లీ కోడికి పెట్టడమంటే రోగాల చక్రాన్ని మనమే మూసినట్టు కాదా? సాల్మొనెల్లాను చంపడం కష్టం కాదు. రెట్ట నీళ్లను ట్యాంకులోకి పంపేముందు ఉడికించాలి, తీసిన ఈస్టును కడిగి మళ్లీ వేడి మీద ఆరబెట్టాలి. చావనివే అసలు ప్రమాదం: రాగి, జింకు వంటి లోహాలు, యాంటీబయాటిక్ అవశేషాలు. బాక్టీరియాను చంపే మందు ఈస్టును ఏమీ చేయదు. రెట్టలో టెట్రాసైక్లిన్ ఎంత ఉన్నా ట్యాంకులో ఈస్టు మామూలుగానే పెరుగుతుంది. చూసేవాళ్లకు ఏ లక్షణమూ కనపడదు, మందు మాత్రం మేతలోకి చేరే వీలుంటుంది.

ఈ మందుల కథలో మన భీమవరం మనిషి పనిచేసిన ప్రయోగశాల కూడా ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా విభాగాన్ని నడిపించిన లెడర్లీ సంస్థలోనే 1948లో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలుగు చూసింది. సుబ్బారావు ఆ ఏడాదే ఆగస్టులో చనిపోయారు. ఆ తరవాత అదే సంస్థలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ ఆ మందు తీయగా మిగిలిన సూక్ష్మజీవుల పిప్పిని కోడిపిల్లలకు పెట్టారు. బి12 విటమిన్ కోసం పెడితే, పిల్లలు అనుకున్నదానికంటే ఎక్కువగా ఎదిగాయి. కారణం పిప్పిలో మిగిలిపోయిన యాంటీబయాటిక్. ఎదుగుదల కోసం దాణాలో మందు కలిపే అలవాటు అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. మందులకు లొంగని బాక్టీరియా దాని వెంటే వచ్చింది. 2019లో భారత ప్రభుత్వం పశువుల్లో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించేదాకా వ్యవహారం వెళ్లింది. సూక్ష్మజీవుల పిప్పిని మేతగా వాడేటప్పుడు అందులో మాంసకృత్తితో పాటు ఇంకేమున్నదో పరీక్షించి తీరాలనడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. యూరప్ సమాఖ్య 2009 నాటి మేత చట్టంలో పేడ, మూత్రం ఏ రకంగా శుద్ధి చేసినా మేతలో వాడకూడదని రాసుకుంది. మన దగ్గర ఈస్టు ట్యాంకు పెట్టేవాళ్లు మొదటి రోజు నుంచే అవశేషాల పరీక్షల ఖర్చును లెక్కలో చేర్చాలి. మందులు వాడే షెడ్డు రెట్టను తీసుకోకూడదు.

డబ్బు సంగతి. పెట్రోలియం ఈస్టు కోసం సార్డీనియా దీవిలో ఏడాదికి లక్ష టన్నుల ప్లాంటు కట్టాక ఇటలీ అధికారులు అనుమతి ఇవ్వలేదు. ఈలోగా చమురు ధరా పెరిగింది. బ్రిటన్‌లోని బిల్లింగ్‌హామ్‌లో ఐసీఐ కంపెనీ 1980లో మెథనాల్ మీద బాక్టీరియాను పెంచి ప్రుటీన్ పేరుతో దాణా అమ్మింది. అది సోయా ధరతో పోటీపడలేక కొన్నేళ్లకే మూతపడింది. రెండుచోట్లా సాంకేతికత నిలబడింది, లెక్క నిలబడలేదు. పల్నాడు ట్యాంకుకు కూడా పోటీ సోయా చెక్కతోనే. అయితే ఆ సోయా చెక్క ఎప్పుడూ చవగ్గా ఉండదు. 2021లో ధర ఆకాశానికి ఎక్కి కోళ్ల పరిశ్రమ గగ్గోలు పెడితే, ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి తలుపు తీయాల్సి వచ్చింది.

అన్నిటికంటే ఎక్కువ ఖర్చయ్యేది చివర్లో. ట్యాంకులో ఈస్టు మహా అయితే నూటికి ఒకటి రెండు పాళ్లు, మిగతాదంతా నీళ్లే. ఈస్టు కణం బాక్టీరియా కంటే ఐదారు రెట్లు పెద్దది కాబట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వేరుచేయడం సులువే. కానీ ఆరబెట్టడానికి ఇంధనం కావాలి. దగ్గర్లోనే తినేవాళ్లుంటే పూర్తిగా ఆరబెట్టక్కరలేదు. ఉడికించిన ముద్దను ఏ రోజుకారోజు తవుడుతో కలిపి ఆ పక్కనున్న షెడ్డులోనే వాడేయవచ్చు. చక్కెర తీయగా మిగిలిన పత్తి కట్టె పిప్పి ఆవిరి బాయిలరుకు సరిపోతుంది. అందుకే నా దృష్టిలో మొదటి ట్యాంకు ఉండాల్సింది పెద్ద పట్టణంలో కాదు. పత్తి కట్టె, కోళ్ల షెడ్డు, దాణా కలిపే చోటు ఒకే బండి తిరిగే దూరంలో ఉన్న ఊళ్లో ఉండాలి. గుంటూరు పక్కనే లాంలో పశు పరిశోధన కేంద్రం ఉంది, దాన్ని నడిపే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఒక షెడ్డులో సగం కోళ్లకు సోయా దాణా, సగం కోళ్లకు ఈస్టు కలిపిన దాణా ఏడాదిపాటు పెట్టి, గుడ్ల లెక్క, దాణా ఖర్చు, గుడ్డులో మందుల అవశేషం, రెట్టలో మిగిలిన నత్రజని కొలిస్తే కిలో ఈస్టు ఎంతకు పడుతుందో పల్నాడు రైతుకు రూపాయల్లో చెప్పొచ్చు.